చట్రం వెలుపలి సత్యం: కరువు ఛాయాచిత్రం, విమర్శనాత్మక బోధన

విద్యార్థులలో విమర్శనాత్మక దృష్టిని పెంపొందించడానికి దృశ్యచిత్రాలు తోడ్పడతాయన్నది బోధనారంగంలో స్థిరపడిన అభిప్రాయం. అయితే ఆ చిత్రంలో ఉన్నది పరుల బాధ అయినప్పుడు ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది: ఒకరి ఆకలిని మరొకరి పాఠానికి సాధనం చేయవచ్చునా?

1876–78 నాటి మద్రాసు రాజధాని కరువు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను తీవ్రంగా పీడించింది. తెలుగునాట అది ధాత కరువు. ఆ కరువు బాధితులను విల్లబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఛాయాచిత్రాలు తీశాడు. ఎముకల గూళ్లుగా మిగిలిన స్త్రీలు, పురుషులు, పిల్లలు వాటిలో కెమెరాకు ఎదురుగా గుంపులుగా కనిపిస్తారు. అటువంటి చిత్రం చూడగానే విద్యార్థికి మొదట కలిగేది జాలి. అది సహజం, కానీ అక్కడే ఆగితే, వానలు లేక జనం మరణించారన్న సులభమైన సమాధానంతో అతడు తృప్తిపడతాడు.

కనిపించినదానిని, ఊహించినదానిని వేరుచేయడం విమర్శకు తొలి మెట్టు. కృశించిన దేహాలు కనిపిస్తాయి, కారణం కనిపించదు. గుంపు అమరిక కనిపిస్తుంది. అలా అమర్చినవాడు కనిపించడు. చట్రం వెలుపలి సంగతులను లిఖితాధారాలలో వెదకాలి. 1877లో రిచర్డ్ టెంపుల్ సహాయక పనుల్లో వయోజన పురుషుని దినకూలిని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికి, ఒక అణాకు తగ్గించాడు. ప్రాణం నిలవడానికి అది చాలదని శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ వాదించాడు. ఆ కాలంలోనే దేశం నుండి ధాన్యం ఎగుమతి సాగుతూనే ఉంది. ఈ సంగతులు తెలిశాక ఆకలికి ప్రకృతి ఒక్కటే కారణమన్న భావన నిలవదు. అయితే చిత్రంలోని వారు ఆ కూలి మీద బతికినవారేనని చిత్రం చెప్పదు. ఆ హద్దును గుర్తించడం కూడా విమర్శలో భాగమే.

ఒక ఆక్షేపణ మిగులుతుంది. సైనికాధికారి కెమెరా ముందు నిలిచిన ఆ అన్నార్తులకు నిరాకరించే స్వేచ్ఛ ఉండి ఉంటుందని నమ్మడం కష్టం. వారిని తరగతి గదిలో మళ్లీ ప్రదర్శించడం నాటి అన్యాయాన్ని కొనసాగించడమే కాదా? ఆ ప్రమాదం నిజమే. కానీ చిత్రాన్ని దాచివేస్తే, వారి ఆకలి వెనుక ఉన్న నిర్ణయాలు కూడా విచారణకు రాకుండా పోవచ్చు. విద్యార్థి వారి దేహాలను పరీక్షించడం మాని, వారిని ఆ స్థితికి తెచ్చిన అధికారాన్ని, దానితోపాటు తన చూపును కూడా ప్రశ్నించగలిగినప్పుడే ఆ ప్రదర్శన సమర్థనీయమవుతుంది. అంతటి విచారణకు తరగతిలో వ్యవధి లేనప్పుడు ఆ చిత్రాన్ని చూపకపోవడమే బోధకుని ధర్మం.