కనబడకపోతే లేనట్టేనా?

‘లేదు’ అన్న మాట మన నోట చాలా తేలికగా వస్తుంది. కంటికి ఆననిదల్లా లేనట్టే లెక్క. ఈ తీర్పు ఎంతవరకు న్యాయం? దీనికి ఆకాశంలో ఒక పాత సాక్ష్యం ఉంది.

1596 ఆగస్టులో డేవిడ్ ఫాబ్రిషియస్ అనే జర్మన్ మతబోధకుడు, తిమింగలం పేరుగల నక్షత్ర మండలంలో కొత్త చుక్కనొకదాన్ని చూశాడు. కొన్ని వారాలకే అది మాయమైంది. ఒకసారి వెలిగి ఆరిపోయే చుక్కల్లో అదొకటి అనుకున్నాడు. 1609లో అదే చోట మళ్ళీ కనబడింది! దాని రాకపోకలకు ఒక లెక్క ఉందని పట్టుకున్నవాడు మాత్రం, 1638లో దాన్ని గమనించిన హోల్వార్డా. 1662లో హెవీలియస్ దానికి ‘మీరా’ అన్న పేరు వాడాడు. లాటిన్‌లో ఆ మాటకు ‘అద్భుతమైనది’ అని అర్థం.

మీరా వయసు మళ్ళిన నక్షత్రం, అరుణ మహాతార. సుమారు 332 రోజులకొకసారి ఉబ్బి, తిరిగి కుంచించుకుంటుంది. వెలిగినప్పుడు మామూలు కంటికే కనబడుతుంది. తగ్గినప్పుడు దుర్భిణి లేనిదే దొరకదు. పైపొరలు చల్లబడినప్పుడు అక్కడ టైటానియం ఆక్సైడ్ వంటి అణువులు పేరుకుని, మన కంటికి అందే వెలుగును మింగేస్తాయి. ఆ వెలుగు వందల రెట్లు తగ్గినా, కంటికందని పరారుణ కాంతిలో మార్పు అంతకంటే ఎంతో తక్కువ. అంటే ఆరిపోయింది నక్షత్రం కాదు, మన చూపుకు అందే భాగం.

మన సంగతి చూడండి. రాష్ట్రం బయట స్థిరపడిన మన ఇళ్ళలో పిల్లవాడు బడిలోనూ బజారులోనూ మరో భాష మాట్లాడతాడు. తెలుగు చదవలేడు. ‘వీళ్ళింట తెలుగు పోయింది’ అనేస్తారు చూసినవాళ్ళు. జ్వరం వచ్చిన రాత్రి వాడు అవ్వతో ఏ భాషలో మూలిగాడో వాళ్ళు వినలేదు.

అయితే ఇది విని నిశ్చింతగా ఊరుకోవడమూ తప్పే. 2007లో మీరా వెనుక 13 కాంతి సంవత్సరాల పొడవైన తోక ఉన్నట్టు బయటపడింది. అది మీరా తననుంచి రాల్చుకుంటూ వచ్చిన పదార్థమే. మళ్ళీ వెలుగుతుందన్నది నిజం. వెలిగిన ప్రతిసారీ కొంత పోగొట్టుకునే ఉంటుందన్నదీ నిజం.

కాబట్టి, పోయిందని తొందరపడడం అన్యాయం. ఎలాగూ ఉంటుందిలే అనుకోవడం సోమరితనం. చుక్క కనబడని నెలల్లోనూ దాని చోటు మరవకుండా ఉండాలి. ఆ పిల్లవాడి చేత అక్షరాలు దిద్దించేది ఎవరు? ఆ సంగతి చుక్కలు చెప్పవు.