ఒగ్గు కథకుడు బడికి రావచ్చునా?

ప్రాథమిక పాఠశాలలోనికి కళాకారులను పిలిచి, వారి విద్యచేత పిల్లల చదువునకు పుష్టి కలిగించవలెనని పెద్దలు చిరకాలముగా చెప్పుచున్నారు. 1901లో శాంతినికేతనమున బడి పెట్టిన రవీంద్రుడు కళను పాఠమునకు వెలుపల నిలుపలేదు. 1937లో వార్ధాయందు గాంధీజీ ప్రతిపాదించిన విద్య చేతిపని చుట్టును అల్లుకొన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము స్థానికులైన కళాకారులను, చేతిపనివారిని బోధకులుగా బడిలోనికి తీసికొనుమన్నది. ఈ మాటను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు అన్వయించి చూచునప్పుడు మాత్రము ధర్మసంబంధమైన ప్రశ్న యొకటి ఎదురగుచున్నది. ఇక్కడి కళ చాలవరకు దైవసేవలో పుట్టి పెరిగినది. ఒగ్గు కథకుడు మల్లన్న కథను, బీరప్ప కథను ఆ దేవతల కొలువులో భాగముగా చెప్పును. కూనపులివారు పటము విప్పి, పద్మశాలీలకు వారి మూలపురుషులైన మార్కండేయ, భావనాఋషుల చరిత్రను వినిపించుట ఆ కులమువారికి ఆరాధనయే. అట్టివారిని అన్ని మతముల పిల్లలును కూర్చుండు సర్కారు బడికి పిలువవచ్చునా? పిలిచి, నీ కళలోని దేవుని గడప వెలుపల విడిచి రమ్మనుట న్యాయమా?

పూర్తిగా రాజ్యధనముతో నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణమున శాసించినది; ఆ శాసనము మేలైనది, రక్షింపదగినది. కాని కథ వినుటయు, కొలుచుటయు ఒకటి కావు. కొలువు వినువానిని మ్రొక్కుమనును. పాఠము వినువానిని చూడుమనును, అడుగుమనును. ఈ భేదమును ఉపాధ్యాయుడు ఎరిగియున్నచో కథకుడు తన దేవుని దాచనక్కరలేదు, పిల్లవాడు తల వంచనక్కరలేదు.

మరి దైవమునందలి విశ్వాసము పిల్లవానికి అందనప్పుడు ఆ కళనుండి అతనికి లభించునదేమి? శ్రద్ధ లభించునని నా దృఢవిశ్వాసము. తండ్రి దానమిచ్చుచున్న ముసలి గోవులను చూచుచుండగా బాలుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని కఠోపనిషత్తు చెప్పుచున్నది. ఎవరును అతనికి దానిని బోధింపలేదు. ఎదుట జరుగుచున్న కార్యమును కన్నులార చూచుటచేతనే అది అతనిలో మేల్కొన్నది. అట్లే ఒగ్గు కథలో డోలు, తాళముల నడుమ ఒక్క మనుష్యుడే క్షణములో రాజై గర్జించి, మరుక్షణమున తల్లియై కొంగు చాచి ఏడ్చుచుండగా, ప్రతి మాటకును వంతపాటవారు ఊతమిచ్చుచుండగా, వినుచున్న పిల్లవాడు ఒక మనుష్యుడు తన పనిలో సంపూర్ణముగా లీనమగుట ఎట్లుండునో చూచును. ఏ పాఠ్యపుస్తకమును దీనిని చూపజాలదు.

కళ పాఠమునకు అలంకారము మాత్రమేనని తలచువారు విష్ణుధర్మోత్తరపురాణమును చూడవలెను. ప్రతిమను మలచు విద్యను చెప్పుమని వజ్రుడను రాజు కోరగా, చిత్రము తెలియక ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము లేక నృత్తమును, గీతము లేక వాద్యమును పట్టువడవనియు చెప్పినవాడు మార్కండేయుడే. సిరిసిల్ల సాలెవాడలు కొలుచు ఋషి పేరిటనే విద్యలన్నియు ఒకదానినొకటి పట్టుకొనియుండునను సిద్ధాంతము వెలసియుండుట ఎంత ఉచితము! సాంచాల, అనగా మరమగ్గముల, మ్రోతలో చేమగ్గము కొందరు వృద్ధుల చేతులకే మిగిలిన ఆ ఊరిలో, అట్టి నేతగాని నొకనిని రెండవ తరగతికి పిలిచి చూడుడు. సాదానేతలో పడుగునందలి బేసిపోగులు పైకి లేచినప్పుడు సరిపోగులు క్రిందికి దిగును. నాడె ఒకసారి దాటి పేకను విడువగానే సరిపోగులు లేచి బేసిపోగులు దిగును. నల్లబల్లమీద బట్టీపట్టిన సరి, బేసి సంఖ్యలు తన ఒంటిమీది చొక్కాలోనే యున్నవని తెలిసికొన్న పిల్లవాడు లెక్కలకు మరి భయపడడు.

ఈ నేలయే దీనికి నిదర్శనమును ఇచ్చియున్నది. సిరిసిల్ల ప్రాంతమునందలి హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లలోను, కరీంనగరములోను ఉర్దూ మాధ్యమమున చదివిరి. బాల్యమున వారి మనస్సును ఆకర్షించినవి హరికథలు, జంగం కథలు, జానపదగేయములు. ఆ బాలుడే తెలుగు కవియై 1988లో జ్ఞానపీఠ పురస్కారమును పొందెను. ప్రసిద్ధ ఒగ్గు కథకుడు మిద్దె రాములు సైతము ఆ హనుమాజీపేటవాడే. నేడు జగిత్యాల, కోరుట్లలలో ఉర్దూ మాధ్యమమున చదువు పిల్లలకు తెలుగు కథ ఏల పరాయిది కావలెను? పీర్ల పండుగలో మతభేదము లేక ఊరెల్ల కలిసి పాడు పాటలు తెలుగు బడిపిల్లలకు ఏల వినరాకుండవలెను? కథకుని పిలిచిన బడి ఆ పాటగానిని సైతము పిలువవలెను. అప్పుడే అది సర్వజనుల బడి యగును.

ఇందులో ఇంకొక న్యాయము గలదు. తరతరములుగా కథకుడు దాతల వాకిట నిలిచి, వారిచ్చినది పుచ్చుకొని, వారి కులపురాణమును వారికే చెప్పెను. బడిలో ఆ కథ అందరిదగును, అతడు ఆచార్యుడగును. కావున ఏ వార్షికోత్సవమునాడో ఒక శాలువ కప్పి పంపివేయుట చాలదు. ఉపాధ్యాయునితో కలిసి ముందుగా పాఠమును కూర్చుకొనుటకు కాలమును, పనిదినమునకు తగిన వేతనమును, వరుసగా కొన్ని వారములు రాగల అవకాశమును కల్పింపవలెను. మగ్గము నేయు తండ్రిని, డోలు వాయించు తాతను తన బడియే గురువుగా పిలిచినదని చూచిన పిల్లవానికి చదువు తన ఇంటనే యున్నదని తెలియును. అది తెలిసిన పిల్లవాడు చదువుకొనుటకై తనవారిని చూచి సిగ్గుపడుట నేర్చుకొనడు.