అనిర్వేదము

తలపెట్టిన కార్యము నడుమ నిలిచిపోయినచో, సోమరితనమే దానికి కారణమని పెద్దలు పిల్లలను మందలించుచుందురు. ఈ మాటలో సత్యము కొంతయే కలదు. సోమరి యైనవాడు కార్యమును మొదలే తలపెట్టడు. ఉత్సాహముతో నారంభించి, రేయింబవళ్లు శ్రమించి, కొంతదూరము పోయిన పిదప "ఇది యంతయు నెందులకు?" అని నిలిచిపోవువాని స్థితి వేఱు. వానికి బలము తగ్గలేదు. తాను బయలుదేఱిన కారణము కంటికి మఱుగైనది. అట్టివానికి మరల నుత్సాహము కలుగు టెట్లు? కలిగింపవలసిన దెల్లప్పుడును ఉత్సాహమేనా? ఈ రెండు ప్రశ్నలను మే మిచ్చట విచారింపదలచితిమి.

సుందరకాండ నెఱుగని తెలుగు గృహ మరుదు. అయినను అందలి యొక చిన్న విశేషమును గమనించువారు తక్కువ. మహేంద్రగిరియొద్ద జాంబవంతుడు హనుమంతుని బలమును హనుమంతునికే జ్ఞాపకము చేసెను. ఆ ప్రశంస యాతనిని సముద్రము దాటించెను. ఉత్సాహమనగా నిదియే యని మనవారి తలంపు. పాఠశాలలలో మేము చేయు హితోపదేశములు, వార్షికోత్సవములలో వచ్చిన యతిథుల యుపన్యాసములు, ఇప్పుడు పట్టణములలో రుసుము గైకొని చెప్పెడి వ్యక్తిత్వవికాస పాఠములు, ఇవి యన్నియు జాంబవంతుని పనులే. చేయదగినవే. కాని లంకలో జాంబవంతుడు లేడు.

లంకయంతయు వెదకి సీతను గానక హనుమంతుడు క్రుంగిపోయెను. పిమ్మట, నిరుత్సాహము తగదని, శుభమునకు అనిర్వేదమే మూలమని తన్ను తాను హెచ్చరించుకొని మరల వెదకెను. చూచిన మేడలనే మరల చూచెను, తిరిగిన చోటులనే మరల తిరిగెను. ఫలము లేదు. రెండవమాఱు క్రుంగుట మొదటిదానికంటె ఘోరము. కిష్కింధకు తిరిగిపోరాదనియు, వానప్రస్థుడై యుండవలయుననియు, తుదకు ప్రాణములు విడువవలయుననియు తలంచెను. బ్రతికియున్నవానికే మేలు కలుగునని ఆ తలంపును విడిచిన తరువాత, తాను వెదకని యశోకవనము కంట బడెను.

మాకు తోచిన విశేష మిదియే. తన్ను తాను హెచ్చరించుకొనుటచే కలిగిన యుత్సాహము ఆ మహాబలునంతటివానిని సైతము పాతచోటులనే త్రిప్పినది. కార్యమును నెఱవేర్చినది ఉత్సాహము కాదు, వెదకని చోటొకటి మిగిలియున్నదని చూచిన చూపు. పరీక్షలో రెండుమాఱులు తప్పిన బాలుని "ఇంకను కష్టపడుము" అని తఱుముట సులభము. అదే పుస్తకమును అదే తీరున వల్లించుచున్నవాడు ఇంకను కష్టపడినచో నింకను అలసిపోవును. వానితో కూర్చుండి, ఏ పాఠము నిజముగ తెలియలేదో కనుగొనుటకు ఓపిక కావలెను. మా వృత్తిలో నుపన్యాసము చౌక, ఓపిక ప్రియము.

ఈ రాజన్న సిరిసిల్ల జిల్లాలోనే, వేములవాడ దాపున హనుమాజీపేటలో 1931లో జన్మించిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారి చరిత్ర మిచ్చట స్మరణీయము. నాటి హైదరాబాదు సంస్థానమున పాఠశాల ఉర్దూలో నడచెడిది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూలోనే బోధించెడిది. తెలుగు కావలెనన్నచో పల్లెలోని హరికథలలో, జానపదుల పాటలలో వెదకుకొనవలసియుండెను. ఆయన యట్లే వెదకుకొనిరి. ఉర్దూలో పట్టభద్రులై, పిదప తెలుగున ఎం.ఏ. చదివి, 1962లో ఆధునికాంధ్ర కవిత్వముపై పరిశోధనకు డాక్టరేటు గైకొనిరి. "విశ్వంభర" 1980లో వెలువడినది. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనకు లభించినది. సినిమాపాటలవలననే ఆయన నెఱిగినవారు ఈ దీర్ఘమైన దారిని కూడ చూడవలెను.

ఇక రెండవ ప్రశ్న. మన యాలంకారికులు ఉత్సాహమును వీరరసమునకు స్థాయిభావముగ నుంచిరి. నిర్వేదమును ముప్పదిమూడు వ్యభిచారిభావములలో మొట్టమొదటిదిగ లెక్కించిరి. అనగా వచ్చి పోవునది. కాని యొక నిర్వేదమును మాత్రము వేఱుచేసి, తత్త్వజ్ఞానమువలన పుట్టినది శాంతరసమునకు స్థాయి యగునని కొందఱు చెప్పిరి. దారిద్ర్యముచేతను, ఇష్టవియోగముచేతను కలుగునది వచ్చి పోవునది. తెలివిచేత కలుగునది నిలుచునది. ఈ భేదము కావ్యములకే గాక సంసారమునకును పనికివచ్చును. "ఇక చాలును" అని మనస్సు పలికినప్పుడు, ఆ పలికినది అలసటయా, తెలివియా? అలసటయైనచో విశ్రాంతి నొసగి మరల పనిలో పెట్టవలెను. తెలివియైనచో వినవలెను. మనవారు రెండింటికిని ఒకే మందు వేయుచున్నారు.

సముద్రము దాటుట మాకు పురాణకథ మాత్రమే కాదు. వేములవాడనుండి కోరుట్లకు పోవు త్రోవలోని రుద్రంగిలోను, చుట్టుపట్ల పల్లెలలోను గల్ఫునకు పోయినవారు లేని వాడకట్టు కానరాదు. 1973లో చమురు ధరలు పెరిగి యా దేశములలో కట్టడములు విస్తరించిన కాలమునుండి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులు దుబాయికి, మస్కట్టుకు, సౌదీకి పోవుచున్నారు. వానపై నాధారపడిన సేద్యము, బోర్లకై చేసిన అప్పు, సిరిసిల్లలో సాంచెలని పిలువబడు మరమగ్గములకు పని సన్నగిల్లుట, ఇవి వారిని పంపుచున్నవి. బయలుదేఱునాడు ఉద్దేశము మిక్కిలి స్పష్టము. వీసాకై ఏజెంటున కిచ్చిన సొమ్ము మిత్తితో తీర్చుట, చెల్లెలి పెండ్లి, రెండు గదుల యిల్లు, పిదప తిరిగివచ్చుట. చుట్టములందఱును జాంబవంతులై సాగనంపుదురు.

ఒప్పందము సాధారణముగ రెండేండ్లది. అది ముగియును, వీసా యప్పు తీఱును. మఱి రెండేండ్లలో పెండ్లి జరుగును. అటుపిమ్మట "ఇంకొక్క రెండేండ్లు" అను మాట పుట్టును. ఈ మాటకు తుది లేదు. పది పదునైదేండ్లు గడచును; ఇల్లు లేచును; బిడ్డలు తండ్రిని ఫోనులో నెఱుగుదురు. ఇట్టివానికి ఏకాగ్రత లోపించినదని యెవ్వ రనగలరు? ఎండలో పరంజాపై నిలిచి పైసపైస కూడబెట్టినవాడు. లక్ష్యము నెఱవేఱినదని వానికి చెప్పువారు లేకపోవుటయే లోపము. పక్షి కన్ను తప్ప మఱేమియు కనబడలేదన్న యర్జునుని మేమును తరగతిలో పొగడుచుందుము. పక్షి పడిన పిదప విల్లు దించవలెనని మాత్రము చెప్పము.

ఇచ్చట గృహస్థులతోను, గృహిణులతోను ఒక మాట. పోయినవాని లక్ష్యమును దినదినము తిరుగవ్రాయుచున్నది ఇంటనున్న మనమే. కట్న మిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 చట్టమువలన నేరము. అయినను అన్న దుబాయిలో నున్నాడని తెలిసిన పెండ్లివారు చెల్లెలి కట్నమును పెంచెదరు, మనము తల యూచెదము. పొరుగువాడు మేడ కట్టినాడని మనయింటిపై నింకొక యంతస్తు. వీరిలో నెవ్వరును దుర్మార్గులు కారు; ఒక్కొక్క కోరికయు చిన్నదే. అవన్నియు చేరి ఒక మనుష్యుని వయస్సగుచున్నవి. "ఇక చాలును, వచ్చెద" నని వాడు పలికిననాడు అది అలసట యని మనము తీర్పు చెప్పెదము. అప్పు తీఱి, పెండ్లి జరిగి, ఇల్లు నిలిచిన తరువాత వచ్చిన యా మాట తెలివి యని మా యభిప్రాయము.

రాకకు వాని మనస్సొక్కటే చాలదనుట నిజమే. కఫాలా పద్ధతిలో యజమాని యనుమతి లేక కొలువు మార్చుకొనుట దీర్ఘకాలము సాధ్యము కాకుండెను. కొన్నిచోట్ల దేశము విడుచుటయు నట్టిదే. కొలువు మార్చుకొనుటకు ఆ యనుమతి యక్కఱలేదని కతారు 2020లో శాసించినది. ఈ చిక్కులు మన చేతిలోనివి కావు. మన చేతిలోనిది వేఱొకటి కలదు. బయలుదేఱుటకు ముందు, ఏయే కార్యములకై యెంత సొమ్మో ఒక కాగితముపై వ్రాసి యింట నుంచవలెను. తీఱినదానిని కొట్టివేయవలెను. క్రొత్తది చేర్చవలసివచ్చినచో పోయినవాని నడిగిన పిదపనే చేర్చవలెను. ఇది దుకాణపు పద్దువలె నున్నదని కొందఱు నవ్వుదురు. సొమ్మునకు పద్దు వ్రాయువారు ఆయువునకు వ్రాయుటలో సిగ్గేమి?

ఆ కాగితము తుదిని, తిరిగివచ్చి యూరిలో చేయదలచిన పని యేదో కూడ వ్రాయవలెను: చెఱువుక్రింది పొలమా, రెండు సాంచెలా, బస్సులాగు చోట చిన్న దుకాణమా. అశోకవన మచ్చటనే యున్నది. సెలవుపై వచ్చినవారిని మేము కొందఱ నడిగితిమి. తీర్చిన యప్పును, మిగిలిన మిత్తిని అణాపైసలతో చెప్పిరి. వచ్చి చేయదలచిన దేమని యడిగినప్పుడు భార్యవైపు చూచినవారే యెక్కువ. ఆమెను మాత్ర మెవ్వ రడిగియుండిరి?