ఇవ్వని నీళ్ళు

భిలాయిలో పుట్టి పెరిగిన మన పిల్లల్ని ఈ నీళ్ళు ఎక్కడివని అడిగితే మరోదా ట్యాంకువి అంటారు. ఆ ట్యాంకు వెనక తాందులా జలాశయం ఉంది, మహానదిమీద 1970లలో కట్టిన గంగ్రేల్ ఆనకట్ట ఉంది. ఉక్కు కర్మాగారం బతికేది ఆ నీళ్ళమీదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన కుటుంబాలు బతికేదీ వాటిమీదే. సెలవురోజు వస్తే పిల్లలతో వెళ్ళేదీ ఆ ఒడ్డుకే. గంగ్రేల్‌లో ఇప్పుడు పడవ షికార్లు, నీటి ఆటలు, బస చేయడానికి కొయ్య కుటీరాలు ఉన్నాయి.

ఒడ్డున పాతిక ముప్ఫై గడపల చిన్న ఊళ్ళు కూడా ఉన్నాయి. గోండులు, కేవట్లు ఉండే ఊళ్ళు. తాతల పొలం నీటి కింద ఉంది. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే బయటపడిన తడినేలలో ఏదో ఒకటి విత్తుకుంటారు. ఆదివారం మనకు మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు. సోమవారం మనం వదిలేసిన సీసాలు, ప్లేట్లు ఏరుతారు. నీటి అందం మనకు, దాని భారం వాళ్ళకు. ఇందులో మన తప్పేమైనా ఉందా?

చట్టప్రకారం లేదు. 1894 నాటి భూసేకరణ చట్టం ముఖ్యంగా రెండు ప్రశ్నలే వేసింది: ప్రజాప్రయోజనం ఉందా, వెల ఎంత? 'నువ్వు ఇస్తావా' అని రైతును అడగలేదు. పంచశీలలో రెండోది అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే. అదిన్నాదానాన్ని మనం దొంగతనం అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాటకు అర్థం 'ఇవ్వనిది తీసుకోవడం'. ధమ్మంలో ఉద్దేశమే ప్రధానం కాబట్టి, తెలియక తాగిన నీరు శీలభంగం కాదు. తెలిసిన తర్వాత కూడా ఆ లాభాన్ని అడగకుండా అనుభవిస్తూ పోవడాన్ని మాత్రం అమాయకత్వం అనలేం.

గంగ్రేల్ నిర్వాసితులు పరిహారం, పునరావాసం కోసం దశాబ్దాలు తిరిగి హైకోర్టు దాకా వెళ్ళారు. మునిగిన ఊళ్ళవాళ్ళు కొలిచిన అంగారమోతి దేవత గుడిని ఒడ్డుకు తెచ్చి నిలబెట్టారు. దేవతకు చోటు దొరికింది. మొక్కినవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగారు.

బాబాసాహెబ్ పెద్ద ఆనకట్టల పక్షాన ఉన్నారు కదా అని మిత్రులు అడుగుతారు. నిజమే. 1945 నవంబరు 8న కటక్ సభలో, వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా, ఒరిస్సా నదుల నీటిని నిల్వచేసి వాడుకోవాలని వాదించారు. ఇదే మహానదిమీద తర్వాత హీరాకుడ్ వచ్చింది. వెలివాడల నుంచి వచ్చిన ఎన్నో ఇళ్ళకు భిలాయి కర్మాగారం జీతమిచ్చింది, తలెత్తుకునేలా చేసింది. ఆనకట్ట వద్దని నేననడం లేదు. కటక్‌లో మాట్లాడిన ఆ మనిషే 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. 1924లోనే మున్సిపాలిటీ ఆ చెరువు అందరిదని తీర్మానం చేసింది, అయినా మనవాళ్ళను దిగనివ్వలేదు. కోర్టులో తుది గెలుపు 1937లో గానీ రాలేదు. రాజ్యాంగం 15వ అధికరణం చెరువులను, స్నానఘట్టాలను, ప్రజలు చేరే చోట్లను పేరుపెట్టి చెప్పడం వెనక ఈ చరిత్ర ఉంది. నీళ్ళు నిల్వచేయాలి, ఆ నీళ్ళు అందరివీ కావాలి. బాబాసాహెబ్‌కు ఇవి రెండు వేర్వేరు మాటలు కావు.

మహద్‌లో ఒడ్డున ఆగిపోయింది మనం. గంగ్రేల్‌లో పడవలో కూర్చున్నది మనం. ఇక్కడే మన ధమ్మానికి పరీక్ష.

తీసుకున్నదాన్ని ఇచ్చినదిగా మార్చే దారి ఉంది. మధ్యప్రదేశ్‌లో తవా ఆనకట్ట నిర్వాసితులు పోరాడి, 1996లో ఆ జలాశయంలో చేపలు పట్టే హక్కును తమ సహకార సమాఖ్య పేర సాధించారు. పదేళ్ళు నడుపుకున్నారు. పొలం తిరిగి రాలేదు, నీటిమీద మాట చెప్పే హక్కు వచ్చింది. 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు బియాస్ నది ఒడ్డు హోటల్ కేసులో, నదుల వంటి సహజ వనరులకు ప్రభుత్వం సొంతదారు కాదనీ, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేననీ చెప్పింది. ఆ ప్రజల్లో ఒడ్డున ఉన్న ఊరు మొదటిది కావాలి.

శాక్యులకు, కోలియులకు రోహిణి నీళ్ళ దగ్గర తగాదా వచ్చినప్పుడు శాక్యసంఘం యుద్ధానికి ఓటేసింది. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ఆ తీర్మానానికి ఒప్పుకోనందుకేనని బాబాసాహెబ్ తన ధమ్మగ్రంథంలో రాశారు. ఆ రోజు ఆయన ప్రశ్నించింది కోలియులను కాదు, తన సొంత సంఘాన్ని.

మన విహారాల నుంచి వనభోజనాలకు వెళ్ళేవారు చెత్త వెనక్కి తెచ్చుకుంటే మంచిదే, అక్కడివాళ్ళ దగ్గర కొంటే ఇంకా మంచిది. అక్కడితో ఆగకూడదు. ఒడ్డు గ్రామసభ చేపల పట్టా కోసం, పడవల ఆదాయంలో వాటా కోసం, రేవులో ఆడవాళ్ళకు చోటు కోసం దరఖాస్తు రాస్తే, చదువుకున్న మనవాళ్ళు దగ్గర కూర్చుని రాయించాలి. ఆఫీసుకు వాళ్ళతో కలిసి వెళ్ళాలి. మన కుళాయి నీళ్ళకు మనం ఇంకా కట్టని బిల్లు అది.

నమో బుద్ధాయ. జై భీమ్.