ఎల్సీ లేనిదే కంబం ఎక్కనీయొద్దు

పాపా,

సోలారు ప్లాంటులో కంప్యూటర్లు చూసే ఉద్యోగమని తెలిసి మీ అవ్వ పాణ్యంలో మన వీధంతా బెల్లం పంచింది. నేనేమీ అనలేదని అలిగినావంట. అనాల్సింది ఒకటుండి ఆగినా.

మొన్న అన్నం తింటా చెప్పినావే, ఇన్వర్టర్ల కంపెనీవాళ్లు వాళ్ల ఊళ్లోనే కూర్చుని మీ మిషన్లలోకి వస్తారని, అంతమందికీ ఒకటే పాస్‌వర్డని, ఎనీడెస్క్ రాత్రింబవళ్లు తెరిచే ఉంటుందని. నాకు ముద్ద దిగలేదు.

సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా ముప్పై ఏళ్లు చేసినోణ్ణి. లైన్‌మన్ కంబం ఎక్కాలంటే ముందు ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాల. అడిగిందెవరు, ఏ ఫీడరు, ఎన్ని గంటలకు, అన్నీ లాగ్ బుక్కులో రాసి, బ్రేకరు తీసినాకే ఎక్కమంటాం. పనైనాక ఆ మనిషే దాన్ని రిటర్న్ చేయాల. ఒకసారి ఒక కాంట్రాక్టరు మనిషి రిటర్న్ చేయకుండానే బస్సెక్కిపోయినాడు. ఊరంతా చీకటి, గేటు ముందర కేకలు. నంద్యాల బస్టాండులో ఆయన్ను పట్టుకుని మాట్లాడించేదాకా నేను లైను చార్జి చేయలేదు. ఆ రాత్రి తిన్నన్ని తిట్లు సర్వీసు మొత్తంలో తినలేదు.

ఆ ఇన్వర్టర్ల వెండరుకూ అదే పద్ధతి పెట్టు. మనిషికొక పేరు, వాని ఫోనుకే వచ్చే ఓటీపీ. పనుందని అడిగినప్పుడే తలుపు తెరువు, రెండు గంటలంటే రెండు గంటలే. నేరుగా కంట్రోల్ మిషను మీదికి రానీయకుండా మధ్యలో ఒక కంప్యూటరు పెట్టి, ఏం చేసినాడో అక్కడ రికార్డు కానీ. లాగులు 180 రోజులు దాచాలని, దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశమే ఇచ్చింది కదా. నాకు లాగ్ బుక్కు, నీకు అది.

2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల్లోకి దొంగలు దూరింది ఏసీలు బాగుచేసే కాంట్రాక్టరు లాగిన్‌తోనే. సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయినాయి. ఏసీవాని దారి గల్లాపెట్టెదాకా ఎందుకుండాల?

నన్ను నిద్రపోనీయనిది మాత్రం ఉక్రెయిన్ సంగతి. 2015 డిసెంబరు 23న అక్కడి కంట్రోల్ రూములో ఆపరేటరు చూస్తుండగానే మౌసు దానంతటదే కదిలి బ్రేకర్లు తీసేసింది. సుమారు 30 సబ్‌స్టేషన్లు, 2,25,000 కనెక్షన్లు చీకట్లో. దొంగలు వచ్చింది సిబ్బంది ఇంట్లోంచి పని చేసుకునే దారిలోనే, దానికి పాస్‌వర్డు ఒక్కటే కాపలా. చివరికి మనుషులు సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేసినారు. ఆ కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్ణో అని ఇప్పటికీ అనుకుంటా.

కొత్తపిల్ల వచ్చి రూల్సు చెబుతోందని సీనియర్లు గొణుగుతారు. వెండరు అర్జెంటంటాడు. లైన్‌మన్లూ ప్రతిసారీ అర్జెంటే అన్నారు నాతో.

సోమవారం పోతానే ఎవరెవరికి దారి ఉందో పట్టీ తీయి. ఉద్యోగం మాని పోయినోళ్ల పేర్లు అందులో తప్పక ఉంటాయి, ముందు వాటిని కొట్టెయ్. ఆ పట్టీ నాకు చూపించాలని మాత్రం తేవద్దు. నేనూ బయటోణ్ణే.

మీ తాత