ఆరవ సూన

గృహస్థుని యింట నిత్యము అయిదు తావులందు హింస జరుగుచునే యుండునని మనుస్మృతి చెప్పుచున్నది. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ: ప్రాణులు చచ్చు చోట్లగుటచే వీనికి పంచసూనలని పేరు. అన్నము వండుకొను ఇల్లాలు చీమను చంపవలెనని పొయ్యి రాజేయదు. వాకిలి యూడ్చునామె పురుగులపై పగబూని చీపురు పట్టదు. ఐనను, చంపవలెనను తలంపు లేదు గనుక దోషమును లేదని స్మృతికారుడు తీర్పు చెప్పలేదు; అట్లని పొయ్యి ఆర్పివేసి అడవికి పొమ్మనియు చెప్పలేదు. బ్రదుకుటలోనే హింస యున్నదని యొప్పుకొని, దానికి పరిహారముగా పంచమహాయజ్ఞములను విధించి, వానిలో భూతయజ్ఞమను పేర, కంటికి కనబడియు కనబడని ప్రాణులకు ప్రతిదినము ఇంత యన్నము బలిగా తీసి పెట్టుమన్నాడు. ధర్మశాస్త్రములలో మనము నిరాకరింపవలసినవి పెక్కు గలవు. కాని యీ యొక్క భావమును మాత్రము నేను తలయొగ్గి స్వీకరింతును. ఉద్దేశము లేని హింసకును కర్త కలడనుట, ఆ కర్తృత్వము మోయరాని బరువు కాదనుట, రెండును ఇందు కలిసియున్నవి.

వంటయింటికి చెప్పిన యీ మాటను ఒక దేశపు అరణ్యమంతటికిని చెప్పవచ్చునా యన్నదే నా ప్రశ్న. అది పుట్టినది ఐరోపా ఉత్తరభాగమున, ఫిన్లండు, స్వీడను, నార్వే దేశముల స్ప్రూసు వనములలో. దానికి కారణమైనది దోమకన్న పెద్దది కాని యొక యీగ.

శాస్త్రజ్ఞులు మైసిటోఫిలిడే యను కుటుంబమునందును, దాని జ్ఞాతికుటుంబములందును చేర్చిన యీ పుట్టగొడుగు ఈగలు ఫిన్లండు దేశమొక్కటియందే 700కు పైబడిన జాతులుగా నున్నవి. వీపు గూనివలె పైకి లేచి, తల క్రిందికి వంగి, కాళ్ళు దేహమునకు మించి పొడవై యుండు నీ ప్రాణి పగటి వెలుతురునకు ఇష్టపడదు. గాలికి కూలిన వృక్షము వేళ్ళతో మట్టిని పెకలించుకొని లేచినచోట ఏర్పడిన చీకటి గూటిలోనో, నాచు పట్టిన దుంగ క్రిందనో, సెలయేటి గట్టు నీడలోనో కదలక కూర్చుండును. దాని పిల్లపురుగు పాలిపోయిన తెల్లని దేహముతో, నిగనిగలాడు నల్లని తలతో, పుట్టగొడుగు కండలో సొరంగములు తొలుచుకొనుచు పెరిగి, ఆహారము కుళ్ళి కూలులోపల మట్టిలోనికి దిగి ప్యూపాదశ పొందును. కొన్ని జాతులు ఏ పుట్టగొడుగు దొరికినను తృప్తిపడును. కొన్ని, కుళ్ళుచున్న మ్రానులో వ్యాపించిన శిలీంధ్రతంతువులను విడిచి వేరొకచోట బ్రదుకజాలవు. కెరోప్లాటస్ వర్గమున కొన్నింటి పురుగులు, చెట్టుబోదెకు అంటుకొని పెరిగిన గట్టి శిలీంధ్రపు అడుగుభాగమున బంకదారముల వల అల్లి, పైనుండి రాలు సిద్ధబీజములను ఆ వలమీద పట్టి భుజించును. ఈ పురుగుల దేహములలోనే గ్రుడ్లు పెట్టి తమ సంతానమును పెంచుకొను కందిరీగజాతి సూక్ష్మకీటకములు వేరుగా నున్నవి. ఎన్నడో కూలిన యొక్క దుంగను నమ్ముకొని ఇంత సంసారము సాగుచున్నది.

ఆ దుంగనే ఉత్తరదేశపు అటవీశాస్త్రము తొలగింపబూనెను. పూర్వము అచ్చట పెద్ద చెట్లను ఏరి నరకుకొను పద్ధతి యుండెడిది. దానివలన అడవి క్షీణించుచున్నదని యెంచిన ఫిన్లండు అటవీనిపుణులు 1948లో దానిని గర్హించుచు ఒక ప్రకటన గావించిరి. అటుపిమ్మట, ఒక ఖండమునందలి వృక్షముల నన్నింటిని ఒక్కమారు నరికి, నేలను కలియబెట్టి, ఒకే యీడు మొక్కలు పెంచి, నడుమ నడుమ పలుచన చేసి, పక్వమైనప్పుడు మరల నరకు పద్ధతి స్థిరపడెను. చిత్తడినేలలనుండి నీరు పోవుటకు కాలువలు త్రవ్విరి. ఆ దేశపు చిత్తడినేలలలో సుమారు సగము ఇట్లు ఆరిపోయినవి. ఆ తరమువారిని నేను దూషింపను. యుద్ధముచే చితికిన దేశమునకు కలపయే అన్నము పెట్టెను. అచ్చటి యడవిలో సగమునకు మించిన భాగము సామాన్య కుటుంబముల సొత్తు. కాని చచ్చిన చెట్టు వారి లెక్కలో నష్టము, చీడకు నెలవు, అపరిశుభ్రత. దక్షిణప్రాంతపు ముదురు సహజారణ్యమున హెక్టారునకు 100 ఘనమీటర్ల వరకు నిర్జీవకాష్ఠము పడియుండగా, పెంపకపు టడవిలో అది తరచుగా 10 ఘనమీటర్లకు లోబడి యుండును. ఫిన్లండు అడవులలోని సమస్తజాతులలో 20 నుండి 25 శాతము, అనగా 4,000 నుండి 5,000 జాతులు, ఆ కాష్ఠమునే ఆశ్రయించి యున్నవి. ఇది పంచసూనలలోని చీపురే. వాకిలి మాత్రము పెద్దది.

నార్వే పరిశోధకుడు బ్యోర్న్ ఓక్లాండ్ 1990 తరువాతి సంవత్సరములలో తన దేశపు స్ప్రూసు వనములందు ఈ యీగలను గూర్చి పరిశీలన సాగించెను. మొత్తము నరికిన చోటును, పెంపకపు టడవిని, చాలవరకు సహజముగా మిగిలిన యడవిని పోల్చి చూచి, 1996 నాటి వ్యాసమున, ఈ జాతుల వైవిధ్యము నిలుచుటకు నరకని యడవులే ముఖ్యస్థానములని నిర్ణయించెను. అందు నన్ను నిలిపివేసిన యంశమొకటి కలదు: ఒక తావునందలి చెట్ల ముదురుదనము మాత్రమే కాక, చుట్టుపట్ల నేలలో అడవి ఎంతవరకు తెగక కొనసాగినదన్నదియు జాతుల సంఖ్యతో ముడిపడి యున్నది. నరికిన చోట ఎండ నేలను తాకును, గాలి తేమను పీల్చును; నీడపట్టున బ్రదుకు నీ సుకుమారప్రాణికి ఆ యెండుదనమే మృత్యువు. తేమ తిరిగివచ్చుటకు దశాబ్దములు కావలెను. లావు దుంగ పూర్తిగా మట్టిలో కలియుటకు నూరేండ్లు పట్టవచ్చును. అంతలోపలనే పంట చేతికి వచ్చినదని రంపము మరల వచ్చును.

ఇట్టిచోట హింస యని దేనిని అనవలెను? జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఇచ్చిన నిర్వచనము నాకు దారి చూపుచున్నది. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో కూడిన ప్రవర్తనవలన ప్రాణమును తీయుట హింస యని ఆయన భావము. ద్వేషమక్కరలేదు, చూడకుండుట చాలును. ఈగను నాలుగింద్రియములు గల ప్రాణిగా లెక్కించిన ఆ మతమువారు, అడుగు వేయుటకు ముందు నేలను చూడుమని తమ మునులకు నియమము పెట్టిరి. 1948లో ప్రకటన చేసినవారికి ఈ యీగల బ్రదుకు తెరువు చాలవరకు తెలియదు. వారియందు ఏమరుపాటు నారోపించుట అన్యాయము. నేడు తెలిసినది. తెలిసిన పిదప అదే రంపము అదే తీరున నడచినచో దానిని అజ్ఞానమనుటకు వీలులేదు. జ్ఞానము పెరిగినకొలది దోషమును పెరుగునా యని యడుగుదురేమో, పెరుగుననియే నా యుత్తరము. అందుచేతనే దుంగ క్రింద వంగి ఈగలను లెక్కించు శాస్త్రజ్ఞుని శ్రమను నేను ధర్మకార్యముగా గౌరవింతును.

ఇంకొక ఆక్షేపము గలదు. ఒక్క పుట్టగొడుగులో పుట్టిన పురుగులు కోకొల్లలుగా చలికో, పక్షికో, పరాన్నకీటకమునకో బలియగుచుండగా, ప్రకృతియే లెక్కచేయని వ్యక్తిని మనము లెక్కచేయనేల యని. నిజమే, ఇచ్చటి ప్రశ్న వ్యక్తిని గూర్చినది కాదు, జాతిని గూర్చినది. మన నైయాయికులు జాతి నిత్యమనిరి; గోవులు చచ్చినను గోత్వము చావదు. ఈ సిద్ధాంతమును ఉత్తరారణ్యమున నిలిపి చూచినప్పుడు నాకు భయము కలుగుచున్నది. ఆశ్రయమగు వ్యక్తి యొక్కటియు మిగులని జాతిని నిత్యమని చెప్పుకొని ఊరట పొందుట తర్కమునకు చెల్లునేమో గాని, ప్రాణికి చెల్లదు. ఈగల జాతి తల్లినుండి బిడ్డకు తెగక వచ్చిన పరంపర. ఎక్కడనో యొక లోయలో అది తెగినచో, ఎంత తర్కించినను మరల పుట్టదు.

ఈ యీగలు పక్షులకు ఆహారమనియు, లిస్టెరా కార్డేటా వంటి చిన్న ఆర్కిడ్ పువ్వులకు పరాగమును మోయుననియు చెప్పి వానిని కాపాడుమని వేడుట కద్దు. అది సత్యమే, కాని ఆ వాదముమీద నేను భారము మోపను, ఏలయన ఉపయోగమును చూపి రక్షించినదానిని, ఆ యుపయోగము తీరిన దినమున విడిచిపెట్టుదురు. నార్వే తత్త్వవేత్త ఆర్నే నెస్ 1973లో ప్రకటించిన వ్యాసమున, మనుష్యుని అవసరముతో నిమిత్తము లేకయే సర్వప్రాణులకును బ్రదికి వికసించు హక్కు సమానముగా గలదనెను. ఆయన స్పినోజాతోపాటు గాంధీని శ్రద్ధగా చదివి, గాంధీ సంఘర్షణనీతిని గూర్చి గ్రంథములు వ్రాసినవాడు. ఆ సమానత్వము సూత్రమందే సంపూర్ణమనియు, ఆచరణయందు కొంత వధ తప్పదనియు ఆయనయే యొప్పుకొనెను. పంచసూనల నెరిగిన పాఠకునకు ఈ మాట క్రొత్తగా తోచదు.

ఆ తప్పని వధకు బలి యేమి? నేడు ఆ దేశములలో నరుకునప్పుడు కొన్ని చెట్లను నిలిపి విడుచుట, కొన్ని బోదెలను ఎత్తుగా కోసి మోడులుగా నుంచుట, కూలిన దుంగలను కదల్పకుండుట వాడుకలోనికి వచ్చినవి. స్వీడను 1993లో తన అటవీచట్టమున ఉత్పత్తికిని ప్రకృతిరక్షణకును సమానస్థాన మిచ్చెను. ఫిన్లండు 2008లో మెట్సో యను పథకమును ఆరంభించి, ఇష్టపడి యడవిని విడిచిన యజమానులకు పరిహారమిచ్చుచున్నది. ఒకప్పుడు గర్హించిన ఏరి నరకు విధానమునకు 2014 నుండి చట్టమున తావిచ్చినది. ఇవన్నియు భూతయజ్ఞములే. కాని పెట్టిన బలి తిను ప్రాణికి తగియుండవలెను గదా! బట్టబయలున ఎండలో నిలిచిన నాలుగు చెట్లు వడ్రంగిపిట్టకు చాలునేమో, నీడయు తేమయు కోరు నీగకు చాలవు. స్మృతి విధించిన బలి నేటి దోషమునకు నేడే తీరును, రేపటి పొయ్యికి రేపటి బలి యుండును, అరణ్యమందట్లు కాదు. ఒక వారములో నరికిన యడవికి నూరేండ్ల పరిహారము కావలెను, ఆ నూరేండ్లు కాచుకొని యుండుటకు ఆ జాతి ప్రక్క లోయలోనైన బ్రదికియుండవలెను.

కావున మిగిలియున్న నరకని యడవులను నరకకుండుట మొదటి విధి, తక్కిన బలులన్నియు దాని తరువాత. దానికగు నష్టమును అచ్చటి అటవీకుటుంబములే భరింపవలెననుట న్యాయము కాదు. ఆ కలపను వాడుకొన్న దూరదేశీయులలో మనమును ఉన్నాము. భారతదేశపు దినపత్రికలు చిరకాలము చాలవరకు విదేశపు న్యూస్‌ప్రింటు మీద అచ్చయినవి, దానిని పంపిన దేశములలో ఫిన్లండు, స్వీడనులును కలవు. ఆ కాగితమునకు మనము చెల్లించిన వెలలో, నరకక విడిచిన యడవికి పరిహారము చేరి యుండలేదు. ఇకముందు కొనువారు దానిని చేర్చి చెల్లించుటకు ఒప్పుకొనవలెను.