చేదు దాచని చనువు

కాలిఫోర్నియాలో మా అబ్బాయి గ్లాసులో పోసిచ్చిన పేల్ ఏల్ బీరుకు దబ్బపండు తొక్క వాసన. చికో ఊళ్లో సియెరా నెవాడా, అప్పట్లో చిన్న బ్రూవరీ, 1980లో మొదలుపెట్టిన సరుకది. ఆ వాసన కాస్కేడ్ అనే హాప్ పువ్వులది. ముందు మాల్టు తీపి పలకరిస్తుంది, వెనక చేదు వస్తుంది. కొత్తవాణ్ణి బెదరగొట్టదు, అలాగని తన చేదును దాచుకోదు.

నలుగురికీ నచ్చాలంటే స్వభావం చంపుకోవాలా? మూడు తరాలుగా బెంగుళూరులో ఉన్న మాకిది పాత ప్రశ్న. పిల్లలు బళ్లో ఇమడాలని ఇంట్లో తెలుగు తగ్గించాను. ఎవరూ అడగని బాకీ నేనే కట్టాను.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు మానేస్తే అందరూ తింటారు. తినేది మాత్రం ఉగాది పచ్చడి కాదు. చనువు ఇవ్వడం వేరు, తనను తాను తీసేసుకోవడం వేరు.

ఎలా ఉందని అబ్బాయి ఇంగ్లీషులో అడిగాడు. తెలుగులోనే జవాబు చెప్పాను.